క్షేమమని వచ్చిన వేళ

నవంబరు 7

జగదీష్ రాలేదు.

టెక్కలిలో నాన్న ఇంటి నుంచి భావనపాడు చేరేసరికి మధ్యాహ్నమైంది. దారి పొడుగునా కొబ్బరి చెట్లు పడి ఉన్నాయి. నాన్న స్కూటరు నడిపారు. చెట్టు అడ్డొచ్చిన చోటల్లా ఇద్దరం దిగి బండిని ఎత్తి దాటించాం. ఈ వయసులో ఆయన చేత ఆ పని చేయించాను.

నిన్న పొద్దున బోటులో వెళ్ళింది ఇద్దరే, జగదీషూ పోలారావూ. ముందురోజు వేసిన వలలు తుఫానుకి పోతాయని తెచ్చుకోవడానికి వెళ్ళారు. తుఫాను రాత్రికి గాని తీరం చేరదనుకున్నాం. పగలే వచ్చేసింది. మిగతా బోట్లన్నీ అప్పటికే ఒడ్డెక్కేశాయి.

నేను పనిచేసే బోటు ఓనర్ల సంఘం ఆఫీసుకి సగం రేకులు లేవు. సర్వరు మాత్రం బతికే ఉంది. నాతో పనిచేసే ప్రేమ్ సాగర్ దాని మీద టార్పాలిన్ కప్పి నిన్నటి నుంచీ దాని పక్కనే ఉన్నాడు. తిండి కూడా తిన్నట్టు లేదు.

ప్రేమ్ సాగర్ రాత్రికి గాని తెర చూడలేదట. జగదీష్ బోటు నుంచి ఒకే ఒక్క సందేశం. "క్షేమం." సాయంత్రం 5.25.

పెద్ద గాలి నాలుగు దాటాక మొదలైంది. ఐదింటికల్లా నెమ్మదించింది. ఇక్కడ అందరూ అదే చెప్తున్నారు. అంటే గాలి పోయాక నొక్కాడు బోటులో పెట్టె మీట. గాలిలోంచి బయటపడ్డాక.

ఐదూ ఇరవై అయిదుకి మేం టెక్కలిలో మోకాళ్ళ మీద ఉన్నాం. నాన్న ప్రార్థన చేస్తున్నారు, ఇరుగుపొరుగు అంతా వచ్చారు. సరిగ్గా అదే వేళకి.

దేవా, నీకు స్తోత్రం.


నవంబరు 8

జగదీష్ తల్లి, మా అత్త సింహాచలమ్మ ఇంటికి పైకప్పు లేదు. అరుగు మీద కూర్చుని ఉంది. నన్ను చూడగానే ఏడవలేదు. సందేశం గురించి మళ్ళీ చెప్పించుకుంది. చెప్పాక అడిగింది.

"అమ్మా షాలినీ, ఆ టైము ఆడు ఏసిందా, మీ ఆపీసోలు ఏసిందా?"

"బోటులో పెట్టె తన నంబరూ, ఉన్న చోటూ, మాటా పంపుతాది అత్తా. మా టవరు అందుకుంటాది. టైము మా సర్వరు ఏస్తాది."

"మరి ఆ సర్వరుకి టైమెవులు సెప్తారు?"

"సర్వరు తన గడియారాన్ని తనే నమ్మదు. ఏ గడియారమైనా కొంచెం ముందుకో వెనక్కో పోతాది కదా. అందుకని నెట్‌లోంచి దూరంగా ఉన్న గడియారాల్ని అడుగుతాది, ఇప్పుడెంతయింది అని. ఒకదాన్నే కాదు, నాలుగైదిటిని. జవాబు రావడానికి ఎంతసేపు పట్టిందో అది కూడా లెక్కేసుకుని సరిచేసుకుంటాది. రోజంతా అదే పని."

"నెట్ లేకపోతేనో?"

"లేకపోతే తనకి తెలిసిన టైముతోనే నడుస్తాది."

"అయితే ఐదున్నరంటే ఐదున్నరే."

"ఐదూ ఇరవై అయిదు" అన్నాను.


నవంబరు 9, ఆదివారం

మా ప్రార్థన గుడిలో జగదీష్ పేరు చెప్పి ప్రార్థించారు. అతను హిందువని ఎవరూ గుర్తు చేయలేదు. పోయిన క్రిస్మస్‌కి వచ్చి చివరి బెంచీలో కూర్చుని, పాట రాకపోయినా పెదవులు కదిపాడు. బయటికొచ్చాక "నాకన్నా మీ పాస్టరుగారి గొంతే తప్పుతోంది" అన్నాడు.

బావగారు ఈశ్వరరావు, జగదీష్ అన్న, రెండు బోట్లతో ఉత్తరానికి వెళ్ళారు. నేనే గీసి ఇచ్చాను మ్యాపు. సందేశం వచ్చింది వలల దగ్గర్నుంచే, అంటే గాలి తగ్గాక కూడా బోటు నీళ్ళ మీదే ఉంది. ఇంజను చెడి ఉంటుంది. నీటి లాగుడు ఉత్తరానికి. బారువ దాటి, ఇచ్ఛాపురం దాటి, ఒడిశా వైపు కొట్టుకుపోయి ఉంటారు. అధికారులకీ అదే చెప్పాను. వాళ్ళూ వెతుకులాట అటు తిప్పారు. సర్వరు టైము అని చెప్పగానే ఇంకెవరూ మాట్లాడలేదు.


నవంబరు 10

నెట్ వచ్చింది. సర్వరు తనంతట తాను మళ్ళీ టైము కలుపుకుంది. నేను ఏమీ చూడలేదు. చూడవలసిందేమీ లేదు.


నవంబరు 11

ఉత్తరం నుంచి కబురు లేదు.

మొదటిసారి జగదీష్‌ని చూసింది బోట్లలో ఆ పెట్టెలు బిగించడానికి వెళ్ళినప్పుడు. ఒకే మీట ఉంది, నొక్కితే "క్షేమం" అని వెళ్తుంది, ఇంతే అని చెప్పాను. అర్థం కాలేదన్నాడు. మళ్ళీ చెప్పాను. మళ్ళీ అర్థం కాలేదన్నాడు. పక్కన పోలారావు నవ్వు ఆపుకోలేక నీళ్ళ వైపు తిరిగిపోయాడు. అప్పుడు తెలిసింది.

పెళ్ళయ్యాక వేటకెళ్ళిన ప్రతిసారీ వరసగా నొక్కేవాడు. క్షేమం, క్షేమం, క్షేమం, క్షేమం. నా తెర నిండిపోయేది. "సర్వరు నింపేస్తన్నావు" అని తిడితే, "నింపడానికే" అనేవాడు.

ఆరోజు ఒక్కటే పంపాడు.

ఛార్జింగ్ దాచుకున్నాడేమో. ఎన్నాళ్ళు పడుతుందో తెలియదు కదా, దాచుకుని ఉంటాడు. తెలివైనవాడు.


నవంబరు 13

ప్రేమ్ సాగర్ వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు. పెళ్ళి కుదిరిన కుర్రాడు, ఈ వారంలో ముఖం పీక్కుపోయింది.

"అక్కా, ఓ మాట అడగనా?"

"అడుగు."

"ఆరోజు నాను ఫోన్ సేసినప్పుడు మీరు పదిహేడనే కదా అన్నారు?"

నాకు తెలుసు దేని గురించో. ఆరోజు కరెంటు పోయింది, యూపీఎస్ కూడా పోయింది. మళ్ళీ వచ్చేసరికి సర్వరు ఏదో పాత సంవత్సరం చూపిస్తోంది. లోపలి బ్యాటరీ అయిపోయింది. అడిగి తెలుసుకుందామంటే నెట్ లేదు. తేదీ తప్పుగా ఉంటే సందేశాలు తీసుకోదు. ప్రేమ్ సాగర్ భయపడి నాకు ఫోన్ చేశాడు. చేత్తో టైము పెట్టు అని చెప్పాను. ఎలా పెట్టాలో ఒక్కొక్క అక్షరం చెప్పాను. చివర్న గంట చెప్పాను, ఇరవై నాలుగు గంటల లెక్కలో. రేకుల మీద వాన చప్పుడుకి వాడి మాట నాకు సగమే వినబడింది. నా మాట వాడికి ఎంత వినబడిందో. ఆ వెంటనే లైను పోయింది.

"పదిహేడే కదక్కా?"

"అవును" అన్నాను. "పదిహేడే."

వాడు ఊపిరి పీల్చుకున్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు. టీ ఇస్తానంటే వద్దని వెళ్ళిపోయాడు.


నవంబరు 14

పదిహేడు అన్నాను. కాబట్టి ఫోన్ వచ్చింది ఐదింటికి. ఆరోజంతా చీకటిగానే ఉంది. మూడైతేనేం, ఐదైతేనేం, ఒకేలా ఉంది. ప్రార్థనకి ముందు వచ్చింది ఫోన్. కొంచెం ముందే. అవును.

నా ఫోన్‌లో కాల్స్ చూసుకోవచ్చు. అవసరం లేదు.


నవంబరు 15

అవసరం లేదు.


నవంబరు 16, ఆదివారం

గుడికి వెళ్ళలేదు. భావనపాడు వెళ్ళాను.

పోలారావు భార్య నూకాలమ్మ ఎండుచేపల దిబ్బ దగ్గర ఉంది. తుఫానుకి తడిసిపోయిన చేపల్ని మళ్ళీ ఆరబోస్తోంది. నన్ను చూసి చేతులు కడుక్కుని వచ్చింది. గాజులు కడిగినట్టు మెరుస్తున్నాయి. పూలు కూడా పెట్టుకుంది.

"మా ఊరోలు తియ్యమన్నారు" అంది, నేను గాజుల వైపు చూడడం చూసి. "మా ఆడబడుసు కూడా అంది, ఇంకెన్నాళ్ళే అని. నాను ఒప్పుకోలేదు. షాలినమ్మ దగ్గర టైముంది, గాలెల్లిపోనాక కూడా ఆలు బతికే ఉన్నారని కంపూటర్లో ఉంది, నానెందుకు తీత్తాను అన్నాను."

"మంచిపని చేశావు" అన్నాను.

చేపల పులుసుతో అన్నం పెట్టింది. తానూ నా ఎదురుగా కూర్చుని తింది. "మీరు సెప్పినకాడ్నించి నాలుగు ముద్దలు దిగుతున్నాయమ్మా. లేకపోతే ఏటైపోదునో."

నేను రెండోసారి కూడా పెట్టించుకున్నాను.


నవంబరు 18

మళ్ళీ వాయుగుండం అంటున్నారు. ఎల్లుండికల్లా గాలులట. ఎవరూ వేటకి వెళ్ళొద్దని మైకులో చెప్పారు.

ఈశ్వరరావు బావగారు వెళ్తారట. రేపు పొద్దున. ఈసారి నాలుగు బోట్లు. గోపాల్‌పూర్ దాటి పైకి వెళ్ళి వెతికి వస్తారట. గాలి రాకముందే ఒకసారి చూసేస్తాం, తర్వాత ఇంకేం దొరకదు అన్నారు ఫోన్‌లో. ఎవరెవరు వెళ్తున్నారని అడిగాను. పేర్లు చెప్పారు. ఒకతనికి కిందటి నెలలోనే ఆడపిల్ల పుట్టింది.

"నువ్వు గీసిన మేపు ఇంకోటి పంపమ్మా. పాతది తడిసిపోనాది."

పంపుతానన్నాను.

పంపలేదు.


నవంబరు 19

తెల్లవారగానే ఫోన్ తీసి చూశాను. ప్రేమ్ సాగర్ నుంచి కాల్, ఆ తేదీన, మధ్యాహ్నం 3.02.

పదిహేను. నేను అన్నది పదిహేను. వాడు విన్నది పదిహేడు. ఒక్క అక్షరం తేడా. వానలో ఆ అక్షరం కొట్టుకుపోయింది.

సర్వరులో కూడా చూశాను, ఇంటినుంచే. నెట్ వచ్చిన రోజున బయటి గడియారాల్ని అడిగి, తాను రెండు గంటలు ముందున్నానని తెలుసుకుని, ఒక్కసారే వెనక్కి జరిగింది. ఇన్నాళ్ళూ ఆ సంగతి రాసుకున్న వరస అక్కడే ఉంది. నేను కాకుండా ఇంకెవరూ చూసేవాళ్ళు లేరు.

మూడూ ఇరవై అయిదు. గాలి రాకముందు. వలల దగ్గర.

నాన్న వరండాలో బైబిలు చదువుకుంటున్నారు. చెప్పాను. అద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. లేచి స్కూటరు తాళం తీసుకున్నారు.

మేం వెళ్ళేసరికి నాలుగు బోట్లూ నీటి అంచున ఉన్నాయి. డీజిల్ ఎక్కిస్తున్నారు. బావగారు నన్ను చూసి చెయ్యి చాచారు, మ్యాపు కోసం.

"బావగారూ, వెళ్ళొద్దు. ఆ టైము తప్పు."

"ఏటి తప్పు?"

చెప్పాను. బ్యాటరీ, ఫోన్, పదిహేను, పదిహేడు. సందేశం వచ్చింది మూడున్నరకి ముందే. అప్పటికి గాలి రాలేదు. సందేశం వచ్చిన చోటే, వలల దగ్గరే వెతకాలి. ఉత్తరాన కాదు. ఎప్పుడూ ఉత్తరాన కాదు.

బోట్ల దగ్గరున్న మగాళ్ళంతా పని ఆపి విన్నారు. ఎవరో డబ్బా కింద పెట్టిన చప్పుడు.

"ఇది నీకెప్పుడు తెలిసింది?" అన్నారు బావగారు.

"ఇవాళ పొద్దున చూశాను."

"సూసిందెప్పుడని అడగలేదమ్మా. తెలిసిందెప్పుడు?"

నాన్న నా భుజం మీద చెయ్యి వేశారు. బావగారు ఆయన వైపు ఒకసారి చూసి, నా వైపు తిరిగారు.

"ఇన్నాళ్ళు ఒడిశా దాకా తిరిగినాం. మా తమ్ముడు మా ఒడ్డెదురుగానే ఉన్నాడన్నమాట."

"నాకు కావాలనిపించింది బావగారూ. ఆ రెండు గంటలు. నాకు కావాలి. అందుకే చూడలేదు."

ఆయన తిట్టి ఉంటే బాగుండేది. పక్కకి తిరిగి, బిడ్డ పుట్టిన ఆ మనిషితో, "నువ్వు ఇంటికెల్లిపోరా" అన్నారు. మిగతావాళ్ళతో, "కొక్కేలూ, పెద్ద తాడూ తెండి. దగ్గరే. గాలి రాకముందే వచ్చేద్దాం" అన్నారు.

మూడూ ఇరవై అయిదుకి నేను పడుకుని ఉన్నాను. ప్రేమ్ సాగర్‌తో మాట్లాడాక చలేసి, దుప్పటి కప్పుకుని నిద్రపోయాను. హాయిగా నిద్రపట్టింది. నాన్న ప్రార్థనకి లేపేదాకా లేవలేదు.


నవంబరు 20

పోలారావు దొరికాడు. బోటు తిరగబడి వాళ్ళ వలల్లోనే చిక్కుకుని ఉంది. చొక్కా చూసి నూకాలమ్మ గుర్తుపట్టింది.

జగదీష్ లేడు. గాలి మొదలవడంతో తిరిగొచ్చేశారు.


నవంబరు 21

ఒడ్డు దగ్గరికి వెళ్ళాలి అనుకుంటూ వెళ్ళలేదు. నూకాలమ్మే వచ్చింది, టెక్కలి దాకా, ఆటోలో. చేతులు బోసిగా ఉన్నాయి. గుమ్మంలోనే నిలబడింది.

"లోపలికి రా నూకాలమ్మా."

"రాను." కొంగుతో మొహం తుడుచుకుంది. "నీ మాట మీద బువ్వ తిన్నానమ్మా. పూలెట్టుకున్నాను. మా ఆయన ఉప్పునీల్లల్లో నానిపోతా ఉంటే నాను పూలెట్టుకుని అద్దంలో సూసుకున్నాను."

నేను గడప దగ్గరే కింద కూర్చుండిపోయాను. ఆమె కాళ్ళు పట్టుకోబోయాను. వెనక్కి జరిగింది.

"నీ మీద కోపం రావాలని వచ్చినాను. దార్లో అంతా అనుకుంటానే వచ్చినాను, ఇలాగ తిట్టాల, అలాగ తిట్టాల అని." కొంగు బొడ్లో దోపుకుంది. "నీకు మీ ఆయన ఒల్లైనా దొరకలేదు. ఏటని తిట్టను?"

ఆటో తిరిగి వెళ్ళిపోయేదాకా నేను అక్కడే ఉన్నాను.


నవంబరు 23, ఆదివారం

గుడిలో ఎవరూ జగదీష్ పేరు చెప్పలేదు. ఏమని చెప్పాలో తెలియలేదేమో.


నవంబరు 25

ప్రేమ్ సాగర్ ఉద్యోగం మానేస్తానన్నాడు. సర్వరు ముందు కూర్చుంటే చెవిలో ఆ వానే వినబడుతోందట.

"నేను పదిహేనన్నాను" అని చెప్పాను. "నువ్వు అడిగినరోజు నీకు అబద్ధం చెప్పాను. నువ్వు వినడంలో తప్పు లేదు, నేను చెప్పడంలో తప్పు లేదు. ఆ తర్వాత చెప్పిందే తప్పు. అది నాది."

"మీరు అవునన్నారని నాను నిద్రపోయానక్కా ఆరోజు" అన్నాడు.

ఇద్దరం కలిసి సర్వరు తెరిచి పాత బ్యాటరీ తీసి కొత్తది వేశాం. రూపాయి బిళ్ళంత ఉంటుంది అది.

మానొద్దని చెప్పాను. మానడో, మానతాడో.


డిసెంబరు 4

బావగారు ఇంకా రోజూ వెళ్తున్నారు. దగ్గరికే. నాకు ఫోన్ చేయరు. అత్తకి చెప్తే అత్త నాకు చెప్తుంది: "ఇయ్యాల కూడా లేదంట."


డిసెంబరు 12

సంతబొమ్మాళి ఆఫీసుకి వెళ్ళాం, అత్తా నేనూ. శవం దొరకనివాళ్ళకి చనిపోయినట్టు కాగితం ఇవ్వాలంటే ఇంటివాళ్ళ మాట రాసుకుంటారట. కుర్చీలో ఉన్నతను వయసులో చిన్నవాడే, మర్యాదగానే అడిగాడు. పేరు, వయసు, బోటు. చివరిసారి బతికి ఉన్నట్టు తెలిసింది ఎప్పుడు అని అడిగాడు.

"నవంబరు ఆరో తారీఖు. మధ్యాహ్నం మూడూ ఇరవై అయిదు" అన్నాను.

"ముందు ఐదూ ఇరవై అయిదు అని వచ్చింది కదండీ మాకు?"

"అది తప్పు. మూడూ ఇరవై అయిదు."

"కచ్చితంగానా?"

"కచ్చితంగా."

అతను రాసుకున్నాడు. సంతకం పెట్టాను. అత్త వేలిముద్ర వేసింది.

బయట బస్సు కోసం కూర్చున్నాం. అత్త సంచిలోంచి జంతికలు తీసి నా చేతిలో పెట్టింది. తినలేదు. తను కూడా తినలేదు. టైము తప్పని చెప్పిన పూట నుంచీ నేను ఆమె మొహంలోకి సూటిగా చూడలేదు. ఆమె కూడా అడగలేదు, ఎందుకు చూడవని.

"అత్తా" అన్నాను. "ఆ టైముకి నేను పడుకున్నాను. ప్రార్థన చేస్తున్నానని అందరికీ చెప్పాను కానీ, అప్పుడు కాదు. అప్పుడు నిద్రపోతున్నాను."

"నానూ అంతే. బియ్యంలో రాళ్ళేరుకుంటన్నాను. పక్కింటిదానితో నవ్వుతా మాటాడుతన్నాను."

ఒక బస్సు వచ్చింది, మాది కాదు. వెళ్ళిపోయింది. అత్త రోడ్డు వైపు చూస్తూనే ఉంది.

"ఒకటడుగుతాను, నిజం సెప్పు. అప్పటికి గాలి రాలేదు గదా?"

"రాలేదత్తా. సముద్రం కూడా మరీ అంత లేవలేదు. గాలి నాలుగు దాటాకే."

"మరైతే ఆడు క్షేమం అని నొక్కింది బయంతో కాదు." నా వైపు తిరిగింది. "నువ్వు గాలి పోనాక అని సెప్పినన్నాళ్ళూ నాకదే బెంగ. అంత గాలిలోంచి వచ్చినోడు, చేతులు వొణికిపోతా నొక్కుంటాడు, ఏడుస్తా నొక్కుంటాడు అని. ఓ రాత్రి కూడా కన్ను మూయలేదు. ఇప్పుడు నువ్వు మూడంటన్నావు. అంటే వల లాగుతా లాగుతా మద్దెన, పోలారావుతో ఏదో అనుకుంటా, నవ్వుతానే నొక్కుంటాడు."

"అవునా, కాదా?"

"అవునత్తా."

అత్త నా చేతిలోంచి ఒక జంతిక తీసుకుని విరిచి, సగం నాకిచ్చి, సగం తను నోట్లో వేసుకుంది.